గిచ్చుడు, గుంజుడు

"మళ్ళీ మీరేనా?" క్లాస్ టీచర్ జ్యోత్స్న దిద్దుతున్న నోటుపుస్తకం మీంచి తలెత్తింది.

మళ్ళీ భూలక్ష్మే. వారంలో ఇది మూడోసారి. మాదాపూర్‌లో ఆమె ఊడ్చి తుడిచే ఆఫీసులో గంట పర్మిషన్ ఇవ్వడానికి సూపర్‌వైజర్ గంట సణిగాడు. ఇచ్చిన గంటలో సగం శేరిలింగంపల్లి వచ్చే ఆటోలోనే అయిపోయింది.

"నా బిడ్డ ముచ్చటనే మేడం. నవనీత, మూడో తరగతి. మొన్న గూడ చెప్పిన గద. గిచ్చుడు, జుట్టు గుంజుడు, డబ్బాల అన్నం కింద పారబోసుడు. ఇంక బందు గాలే. నిన్న నేను తీస్కపోదామని వస్తే, నా కండ్ల ముంగటనే మెట్ల మీద తోసుడు!"

"మీరు చెప్పిందంతా రాసుకున్నానండీ."

"రాసుకుంటె బందైతదా మేడం?"

"పిల్లలన్నాక ఆటల్లో ఇవన్నీ మామూలే. ఒక రోజు కొట్టుకుంటారు, రెండో రోజు చేతులు కలుపుకుంటారు."

భూలక్ష్మి కొంగు ముడి విప్పి ఒక క్లిప్పు తీసి టేబుల్ మీద పెట్టింది. పిల్లి బొమ్మ ఉన్న గులాబీరంగు క్లిప్పు, సగానికి విరిగింది. దానికి రెండు వెంట్రుకలు కూడా చుట్టుకొని ఉన్నాయి.

"నా బిడ్డ సంచిల దొరికింది."

"అయ్యో, విరగ్గొట్టేశారా? పోనీలెండి, ఇంకోటి కొనివ్వండి." జ్యోత్స్న దాన్ని వేలితో వెనక్కి నెట్టింది.

"గట్ల కాదు మేడం, జర నా మాట ఇనుండ్రి..."

"చూడండీ, మీ పాపది ఫ్రీ సీటు. మిగతావాళ్ళంతా పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ల పిల్లలు. వాళ్ళ ఇంగ్లీషు వేరు, ఆటలు వేరు. సర్దుకోవడానికి టైం పడుతుంది. మీరే ఇంట్లో కొంచెం ధైర్యం చెప్పండి."

ధైర్యమట! భూలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో అడిగి అడిగి ఆమె నోరు నొప్పి పుట్టింది. నవనీత గోడవైపు తిరిగి "ఏం లే" అంటుంది, అంతే. గట్టిగా అడిగితే కంచం ముందు నుంచి లేచిపోతుంది. క్యాబ్ నడిపే మొగుడు శివదైతే ఒకటే పాట: "స్కూలోళ్ళతోని పెట్టుకోకు, సీటు పోతది." పోతుందని ఆమెకు మాత్రం తెలియదా? ఆ సీటు కోసం ఎన్ని ఆఫీసుల గడపలు తొక్కిందో ఆమె కాళ్ళకు తెలుసు. కానీ నిన్న ఆ మెట్ల మీద ఇంకో అడుగు అటూ ఇటూ అయితే ఒక పసిప్రాణం ఏమయ్యేదో! అది తలుచుకుంటే సీటు మీద ఆశ కూడా చేదుగా అనిపించింది.

"పెద్ద మేడంను కలుస్త," అంది.

"అపాయింట్‌మెంట్ ఉండాలండీ."

"అయితె ఈన్నే కూసుంట."

కూర్చుంది. ఎదురుగా గోడ మీద నవ్వుతున్న పిల్లల బొమ్మ, దాని కింద ‘ప్రతి బిడ్డా మాకు ముఖ్యమే’ అని పెద్ద అక్షరాలు. ముఖ్యమైతే ఒక్కరికైనా చెవులుండొద్దా అనుకుంది. సూపర్‌వైజర్ మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. నలభై నిమిషాల తర్వాత ప్రిన్సిపాల్ రత్నమాల లోపలికి పిలిచింది.

రత్నమాల మంచి మనిషే. కాకపోతే ఎదుటివాళ్ళ మాటను సగంలో అందుకుని తనే పూర్తిచేసే అలవాటు.

"కూర్చోమ్మా. జ్యోత్స్న చెప్పింది. మీ పాపను ఎవరో ఏడిపిస్తున్నారని..."

"గట్ల కాదు మేడం. నా బిడ్డ..."

"అర్థమైందమ్మా, తల్లి మనసు కదా. నాకూ ఆ వయసు మనవరాలు ఉంది. పోనీ, మీ పాపను వేరే సెక్షన్‌కి మార్చమంటారా?"

"సెక్షన్ మారిస్తే ఏమైతది మేడం? ఈడి కొట్టుడు ఆడికి పోతది!"

"మరి నన్నేం చేయమంటారు? చూద్దామంటే మెట్ల దగ్గర కెమెరా పనిచేయడం లేదు."

"కెమెరా ఎందుకు? కొట్టేది ఎవరో నాకెరుకనే."

రత్నమాల నిటారుగా కూర్చుంది. "తెలుసా? మరి ఇన్నాళ్ళూ చెప్పరేం?"

"చెప్దామనే గద మూడుసార్లు వచ్చిన! ఎవరు చెప్పనిస్తుండ్రు? నోరు తెరిస్తే చాలు, ఒకరు ధైర్యం చెప్పుమంటరు, ఒకరు సెక్షన్ మారుస్తమంటరు. నా మాట మాత్రం ఎవ్వరు ఇనరు!"

గొంతు పెరిగింది. అద్దం తలుపు అవతల నుంచి అటెండర్ కిష్టయ్య తొంగిచూశాడు. భూలక్ష్మి తలుపువైపు ఒకసారి చూసింది. ఈ మాట ఒకసారి బయటపడ్డాక రేపు నవనీతకు ఈ బడి గేటు తెరుచుకుంటుందో లేదో. అయినా ఇవాళ మింగితే రేపు ఎవరి తల పగులుతుందో.

"భయపడకమ్మా," అంది రత్నమాల, ఈసారి నిజంగానే కోపం వచ్చి. "ఎంత పెద్దింటి పిల్ల అయినా నేను మొహమాటపడను. అవసరమైతే టీసీ చేతిలో పెడతాను. ముందు ఆ పిల్ల తల్లిని ఇక్కడికి పిలిపించి, ఇదేం పెంపకమని నిలదీస్తాను. ఎవరావిడ? పేరు చెప్పండి."

భూలక్ష్మి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నేనే మేడం."