మంచి సాక

"పగలగొట్టు!" అని అరబ్బీలో అరిచి, వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, కఫీల్, దేవన్న చేతిలో సుత్తి పెట్టాడు.

షెడ్డులో టార్పాలిన్ కింద ఇన్నాళ్లూ దాగిన పాలరాతి బొమ్మ అది. పడుచు మగవాడు, జుట్టు నిండా ద్రాక్షాకులు, చేతిలో గిన్నె. తాయిఫ్‌లో కఫీల్ ఈ ద్రాక్షతోట కొన్నప్పుడు పాత యజమాని వదిలేసిపోయాడు. తన తోటలో విగ్రహం ఉందని నలుగురికీ తెలిస్తే తలెత్తుకోలేనని కఫీల్ భయం.

"నెల తర్వాత జిద్దా నుంచి నేను తిరిగొచ్చేసరికి ఇది పొడి కావాలి."

"బాబా, నా ఖురూజ్?" అన్నాడు దేవన్న. ఖురూజ్ ముద్ర పడితేనే దేశం దాటనిస్తారు.

"మాఫీ ఖురూజ్!" లేదు పొమ్మని కఫీల్ కారెక్కాడు.

ఎందుకివ్వడో లోకానికంతా తెలుసు. కఫీల్ కంపెనీలో సౌదీ మనిషి ఒక్కడూ లేడు. సౌదీవాళ్లకి కొన్ని ఉద్యోగాలివ్వాల్సిందేనన్న నితాకత్ చట్టం వచ్చి దానికి ఎర్రరంగు పూసింది. ఎర్రరంగు కంపెనీకి కొత్త వీసాలు రావు, ఉన్నవాళ్ల ఇకామాలు, అంటే నివాస పర్మిట్లు, రెన్యూ కావు. దేవన్న పోతే ఆ చోటికి ఇంకొకడు రాడు. ఒకసారి తెగించి గేటు దాటితే పోలీసులు పట్టుకుని మళ్లీ కఫీల్‌కే అప్పజెప్పారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సూపర్‌వైజర్ సురేంద్ర వచ్చేసరికి దేవన్న సుత్తి పక్కన పెట్టి బొమ్మ ముందు కూర్చుని ఉన్నాడు.

"కొట్టలేదేంటయ్యా?"

"ఏ దేవుడో ఏమో, ఎట్ల గొడ్తా సార్?"

సురేంద్ర ఫోనులో వెతికి నవ్వాడు. "దేవుడే. గ్రీకు వాళ్ల డయోనైసస్. ద్రాక్షసారాకి అధిపతి. తాగి ఊగేవాళ్లకీ, నాటకాలాడేవాళ్లకీ ఈయనే దిక్కు. ఓసారి దొంగలు ఈయన్ని పట్టుకుని ఓడలో కట్టేస్తే తాళ్లు వాటంతటవే ఊడిపోయాయట. బంధాలు విప్పే దేవుడని పేరు."

దేవన్న లేచి నిలబడ్డాడు. "అయితే మా కల్లుదేవుడు కాటమయ్యకు చుట్టమే. మేం గౌడ్‌లం సార్. చెట్టెక్కేటోళ్లం. కట్లిప్పే దేవుడు ఇంట్లనే ఉంటే నేను ఊకె ఏడుస్తున్న. బిడ్డ ఫోన్ల నన్ను మామా అంటున్నది సార్! ఫోన్ల కనిపించేటోళ్లంత దానికి మామలే."

సురేంద్ర నవ్వలేకపోయాడు. గొంతు తగ్గించాడు. "ఓ దారుంది. సారా కేసైతే కఫీల్ కూడా విడిపించలేడు. కొన్నాళ్లు జైలు, ఆ తర్వాత విమానం. తోటలో సిగరెట్ తాగినోణ్ణే పోలీసులకి పట్టించిన మనిషి. ఇక సారా, దాని పక్కన విగ్రహం కనబడితే ఊరుకుంటాడా? రాలిన పళ్లు డ్రమ్ములో పడేసి కుళ్లబెట్టు. కంపు కొడితే చాలు."

"కుళ్లినదా?" దేవన్న చెంపలేసుకున్నాడు. "దేవునికి సాక పొయ్యాలె గద సార్. కల్లయినా సారయినా, మంచిదే పొయ్యాలె. పాడుది పోస్తే ఉన్న కట్లు ఇంక బిగుస్తయ్."

"నీకు కావాల్సింది జైలయ్యా, మెచ్చుకోలు కాదు!"

వింటేగా! దేవన్న నల్లటి గుత్తులు ఏరి కోశాడు. తొడిమలు తీశాడు. కాళ్లు కడుక్కుని తొక్కాడు. డ్రమ్ముకు గుడ్డ కట్టి, ఎండ పొడ తగలకుండా బొమ్మ పక్కనే పెట్టాడు. పొద్దున లేవగానే మూత దగ్గర ముక్కు పెట్టి, చెవి పెట్టి, పసిపిల్లకు జ్వరం చూసినట్టు చూసుకున్నాడు. పొంగు తగ్గాక తన కొత్త లుంగీ చింపి వడగట్టాడు. ఎన్నాళ్లకో అతని ముఖంలో నవ్వు కనిపించింది.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం కఫీల్ కారు గేట్లోకి వచ్చింది. దేవన్న చెంబు నిండా ముంచి బొమ్మ పాదాల మీద ధారగా పోశాడు.

"తండ్రీ, కట్లు విప్పు."

తలుపు తెరుచుకుంది. కఫీల్ చూశాడు. చెక్కుచెదరని విగ్రహం, తడిసిన నేల, డ్రమ్ము. షెడ్డంతా కమ్మటి పులుపు వాసన. వెనకే వచ్చిన సురేంద్ర గోడకు అతుక్కుపోయాడు.

"ఎవరు చేశారిది?" అన్నాడు కఫీల్.

"నేనే బాబా," అన్నాడు దేవన్న. భయంలోనూ ఆ మాటలో కొంచెం గర్వం ధ్వనించింది.

కఫీల్ డ్రమ్ములో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు. తర్వాత నెమ్మదిగా వెళ్లి తలుపు గడియ పెట్టి, ఫోను తీశాడు.

దేవన్న రెండు చేతులూ జోడించి ముందుకు చాపాడు, బేడీలు వేయడానికి వీలుగా. కళ్లలో నీళ్లు తిరిగాయి. బిడ్డ చేత నాయనా అనిపించుకునే రోజు ఇక ఎంతో దూరం లేదు.

కఫీల్ ఫోనులో నవ్వుతూ, బతిమాలుతూ గబగబా మాట్లాడుతున్నాడు. సురేంద్ర ముఖంలో రంగు మారిపోయింది.

"పోలీసులకేనా సార్?"

"కాదు దేవన్నా." సురేంద్ర తల దించుకున్నాడు. "మేనల్లుడికి. రేపే వచ్చి మన కంపెనీలో ఉద్యోగంలో చేరమంటున్నాడు. సౌదీవాడొకడు చేరితే ఎర్రరంగు పోతుందట, తాను బతికున్నంతకాలం నీ ఇకామా రెన్యూ చేయిస్తాడట."