ఎర్ర సున్నాలు

రెండో పేజీ చివరికి వచ్చేసరికి పియానో మళ్లీ తడబడింది. ఒక స్వరం మింగేసి, తర్వాతి దానిమీద అక్కర్లేనంతసేపు ఆగి, ఒక్క గంతులో ముందుకు దూకింది. అరసేలి క్లారినెట్ పెదాల నుంచి తీసేసి, రికార్డింగ్ ఆపి, గోడ గడియారం వంక చూసింది. ఇది ఐదోసారి.

"తప్పు నాదే తల్లీ," అంది వెర్నా మేడమ్ కళ్లజోడు సవరించుకుంటూ. "మళ్లీ మొదటినుంచి వాయిద్దాం."

అని, ఎప్పటిలాగే చెవి వెనక దోపుకున్న ఎర్ర పెన్సిల్ తీసి తన పుస్తకంలో ఒక సున్నా చుట్టింది. తప్పు పడ్డ చోటల్లా సున్నా చుట్టుకోవడం ఆవిడ అలవాటు. డెబ్బై దాటిన మనిషి. వేళ్ల కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉంటాయి. ఆ కాలేజీలో పాడేవాళ్లకీ ఊదేవాళ్లకీ ముప్ఫయ్యేళ్లుగా పక్కవాద్యం ఆవిడదే.

అరసేలికి ఒళ్లు మండింది. మండదా మరి! వాళ్లమ్మ పీచ్‌పళ్ల షెడ్డులో రోజంతా నిలబడి పెట్టెలు సర్దుతుంది. "రెండేళ్లు ఇస్తున్నా. యూనివర్సిటీలో సీటొస్తే వెళ్లు, రాకపోతే వచ్చి నా పక్కన నిలబడు" అని ముందే తేల్చి చెప్పింది. ఈ కమ్యూనిటీ కాలేజీలో ఆ రెండేళ్లూ అయిపోవచ్చాయి. మూడో ఏడాదికి యూనివర్సిటీ సంగీత శాఖ తీసుకోవాలంటే ఒకే ఒక్క రికార్డింగ్ పంపాలి. మధ్యలో కోతలూ అతుకులూ ఉండకూడదు. శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా చేరాలి. ఆ రోజు బుధవారం.

పైగా అరసేలి ముందున్నది తన క్లారినెట్ వరస ఒక్కటే. పియానో పుస్తకంలో అయితే మూడు వరసలుంటాయి. పైన క్లారినెట్‌ది, కింద రెండూ పియానోవి. అన్నీ కళ్లెదురుగా పెట్టుకుని కూడా తప్పుతోందంటే ఈవిడ పని ఇక అయిపోయినట్టే అనుకుంది.

"రేపు ఓ గంట ముందు రాగలవా?" అని అడిగింది వెర్నా. "ఈ పేజీ ఒక్కటీ చప్పట్లు కొడుతూ నెమ్మదిగా లెక్కపెట్టుకుందాం. ఇద్దరం."

"నా లెక్క బాగానే ఉంది మేడమ్. మీరే ఇంటిదగ్గర చూసుకోండి."

నోరు జారానని తెలిసింది గానీ వెనక్కి తీసుకోలేదు. వెర్నా ఒక్క క్షణం మీటల వంక చూసి, "సరే తల్లీ, చూసుకుంటా" అని పుస్తకం మూసేసింది.

అరసేలి అటునుంచటే సంగీత శాఖ పెద్ద డెల్గాడో సార్ గదికి వెళ్లి, వేరే పియానో మనిషిని ఇప్పించమని అడిగింది. ఆయన అంతా విని, ఇవాళ్టి రికార్డింగ్ ఒకసారి విన్నావా అన్నాడు. చెడిపోయినదాన్ని వినేదేముంది సార్ అంది. ఆయన ఇంకేదో అనబోయి మానేసి, మార్చాలంటే కారణం రాసివ్వాలన్నాడు. రాసిచ్చింది. "ఆవిడ చేతులు సాగడం లేదు. ఆవిడవల్ల నా సీటు పోయేలా ఉంది."

మర్నాడు ఆ కాగితం వెర్నా చదివిందట. గది తాళంచెవి సార్ బల్లమీద పెట్టి, ఇక నేను మానేస్తానందట. నడవాలో అరసేలి ఎదురుపడితే మొహం తిప్పుకోలేదు సరికదా, భుజంమీద చెయ్యి వేసింది.

"ఊపిరి నిండా తీసుకో తల్లీ. కంగారు పడకు" అంది. అంతే, వెళ్లిపోయింది.

శుక్రవారం కొత్తవాడు ట్రెవర్ వచ్చాడు. కుర్ర వేళ్లు. రాసింది రాసినట్టు వాయించాడు, ఎక్కడా తడబడలేదు, ఎక్కడా ఆగలేదు. రెండో పేజీ చివర మటుకు పియానో తనకన్నా ఒక అడుగు ముందున్నట్టు తోచింది. కొత్త చెయ్యి కదా అనుకుంది అరసేలి. వాయించడం అయ్యాక ట్రెవర్ ఆమె వంక ఏదో అడగబోయినట్టు చూసి, సంచీ తగిలించుకుని వెళ్లిపోయాడు. విని చూసుకునే వ్యవధి లేదు. ఐదుకి పావుగంట ఉందనగా రికార్డింగ్ పంపేసింది.

ఏప్రిల్‌లో జవాబు వచ్చింది. మూడే ముక్కలు. విచారిస్తున్నాం, తీసుకోలేకపోతున్నాం, శుభాకాంక్షలు. కారణం రాయలేదు. అరసేలి స్నానాలగదిలో కుళాయి తిప్పి, బయటికి వినపడకుండా ఏడ్చింది. మర్నాడు పొద్దున అమ్మ బల్లమీద తన చేతితొడుగుల పక్కన ఇంకో జత పెట్టింది.

ఆ వేసవంతా షెడ్డులో పళ్లు ఏరుతూ అరసేలి ఒకే మాట నములుతూ ఉండేది. ముందే మనిషిని మార్చుకుని ఉంటే బాగుండేది, ఆ ముసలావిడ నా వారాలన్నీ తినేసింది అని. తలుచుకున్నప్పుడల్లా గుండె రగిలేది. ఆ కోపం కూడా లేకపోతే ఆమెకి ఇంకేమీ మిగల్లేదు.

జూలైలో డెల్గాడో సార్ షెడ్డు గేటు దగ్గరికి వచ్చాడు. వెర్నా పోయిందని చెప్పాడు. గుండె జబ్బట, ఏడాదిగా ఉందట, ఎవరికీ చెప్పలేదట. తన పుస్తకాలన్నీ పిల్లల పేర్లు రాసి విడివిడిగా కట్టిపెట్టిందట. అరసేలి పేరుతో ఉన్న కవరు చేతికిచ్చి, ఆయన కారు ఎక్కేశాడు.

భోజనాల వేళ అరసేలి ఖాళీ పెట్టెమీద కూర్చుని, పండ్ల నూగు అంటిన చేతులు ఒళ్లో తుడుచుకుని కవరు విప్పింది. అదే పుస్తకం. పోయిన మనిషిమీద కోపమేంటని ఒకపక్క సిగ్గేసినా, తన సీటు ఎన్ని తప్పులకి పోయిందో లెక్కపెడదామనే రెండో పేజీ తెరిచింది.

సున్నాలన్నీ క్లారినెట్ వరసమీదే ఉన్నాయి.