ఐదు గీతలు

"ఐదంటే ఐదే గీతలు పడాలి," అంది డొరీన్, కాపీలు తీసే మిషన్ మీద మోచేతులు ఆనించి. "పెన్సిల్ అందించు, ఒకటి. కోటు జిప్పు లాగు, రెండు. ఇంకో మూడు నీకో లెక్కా?"

ఆర్లిటా మిషన్లోంచి కాపీలు తీసి సర్దుకుంది.  

ఇద్దరూ ఆ బళ్ళో తరగతి సహాయకులే. డొరీన్ చిన్నపిల్లల గదిలో పనిచేస్తుంది. ఆర్లిటాది మూడో తరగతి, అందులోనూ ఇట్సెల్ అనే ఒక్క పిల్ల పక్కన. ఇట్సెల్‌కి మాట త్వరగా పెగలదు. గోల ఎక్కువైతే బల్ల కిందికి దూరి చెవులు మూసుకుంటుంది. రెండేళ్ళుగా ఆ పిల్లకి నోరూ చెయ్యీ అన్నీ ఆర్లిటాయే.

ఎవరో జిల్లా ఆఫీసుకి ఉత్తరం రాశారు, ఇట్సెల్‌కి పక్కన మనిషి అవసరం ఇంకా ఉందో లేదో చూడమని. చూడ్డానికి ఇవాళ హాల్వర్సన్ అనే ఆయన దిగాడు. గంటసేపు వెనక కూర్చుని, ఆర్లిటా పిల్లకి సాయం చేసిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత గీస్తాడు. ఐదుకి తగ్గితే సోమవారం నుంచి ఆర్లిటాకి ఉద్యోగం లేదు.

"ఏప్రిల్లో నీ మోకాలి ఆపరేషన్. ఉద్యోగంతోపాటు బీమా కూడా పోతుంది," డొరీన్ వదల్లేదు. "మళ్ళీ ఆ ఆపిల్ షెడ్డులో రోజంతా నిలబడి కాయలేరతావా? ఆ ఉత్తరం రాసినవాళ్ళ చేతులు పడిపోను."

"ఊరుకోవే, పిల్లలు వింటారు," అని ఆర్లిటా గబగబా నడిచింది. నడిచిందనడం కంటే కుంటిందనడమే నిజం.

హాల్వర్సన్ అప్పటికే పిల్లల కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని ఉన్నాడు. టీచరు టీగన్ అందరికీ కాగితాలు పంచి, మంచు మీద నాలుగు వాక్యాలు రాయమంది. ఆర్లిటా తన కుర్చీని ఇట్సెల్‌కి రెండడుగుల వెనక్కి లాక్కుని కూర్చుంది.

ఐదు నిమిషాలు కూడా కాలేదు, ఇట్సెల్ నీళ్ళ సీసా మూతతో కుస్తీ మొదలుపెట్టింది. ఆర్లిటా చెయ్యి దానంతటదే వెళ్ళి మూత తిప్పేసింది. వెనక కలం గీసిన చప్పుడు.  ఆర్లిటా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది.

పెన్సిల్ కింద పడింది. ఇట్సెల్ దాన్ని చూసింది, ఆర్లిటాని చూసింది. ఆర్లిటా గోడ గడియారం చూసింది. ఒకటి, రెండు, మూడు అని మనసులో పదిదాకా లెక్కపెట్టింది. తొమ్మిది దగ్గర పిల్ల వంగి పెన్సిల్ తీసుకుంది.

తలుపు అద్దంలో డొరీన్ మొహం కనబడింది. ఇంకా నాలుగు కావాలని వేళ్ళు చూపిస్తోంది. ఆర్లిటా మొహం తిప్పుకుంది. అవసరం లేని సాయం చేసి దొంగ గీతలు గీయించుకోవడం ఆమెకి చేతకాని పని.

 ఎందుకో సెప్టెంబరులో జరిగింది పదేపదే గుర్తొస్తోంది. ఆటస్థలంలో రెనాటా అనే పిల్ల వచ్చి, "మిస్ ఆర్లిటా, ఇట్సెల్ తాడాటకి వస్తుందా?" అని అడిగింది. ఇట్సెల్ ఆ పక్కనే నిలబడి ఉంది.

అంతలో వెనక బల్ల మీది చెక్క దిమ్మల పెట్టె దభాలున కింద పడింది. గదంతా ఒకటే గోల. ఇట్సెల్ చెవులు మూసుకుంది. భుజాలు కుంచించుకుపోయి, సగం బల్ల కిందికి జారింది. ఆర్లిటా సగం లేచింది. మోకాలు కలుక్కుమంది. ఇప్పుడు పట్టుకుంటే రెండో గీత. ఆమె పెదవి కొరుక్కుని మళ్ళీ చేతుల మీదే కూర్చుంది.

ఇట్సెల్ బల్ల కింద తడుముకుంది. నడుముకి వేలాడే బొమ్మల కార్డుల్లోంచి ఒకటి తీసింది. నడుచుకుంటూ వెళ్ళి టీగన్‌కి చూపించింది. 'కాసేపు విరామం కావాలి' అని చెప్పే కార్డది. మూల దిండు మీద కూర్చుని ఇసుక గడియారం తిప్పింది. ఇసుకంతా జారాక తనే లేచి వచ్చి మూడో వాక్యం మొదలుపెట్టింది.

గంట మోగింది. రెనాటా పరుగున వచ్చి, ఆర్లిటా వైపు చూడనైనా చూడకుండా, "ఇట్సెల్, తాడాటకి వస్తావా?" అంది.

ఇట్సెల్ పెన్సిల్ డబ్బాలో పెట్టింది, మూత నొక్కింది. 

"వస్తా," అంది ఇట్సెల్.

పిల్లలు వెళ్ళిపోయాక హాల్వర్సన్ కాగితం చూపించాడు. ఒక్కటే గీత. పై మాట చెప్పడానికి ఆయనకీ ఇబ్బందిగానే ఉంది. "సోమవారం నుంచి... మీకు తెలుసుగా, ఆర్లిటా గారూ," అని నసిగి, జిల్లా ఆఫీసుకి వచ్చిన ఆ ఉత్తరం నకలు ఆమె ముందు పెట్టి వెళ్ళాడు.

డొరీన్ లోపలికి వచ్చేసరికి ఆర్లిటా కళ్ళు తుడుచుకుంటోంది. ఆమె అరచేతుల వెనక కుర్చీ అచ్చులు ఎర్రగా పడి ఉన్నాయి.

"అయిపోయిందా? అన్నంత పనీ చేశారు," అంటూ డొరీన్ బల్ల మీది ఉత్తరం లాక్కుంది. "ఇంతకీ నీ కొంప ముంచిందెవరో చూడనీ."

ఉత్తరం పైన సెప్టెంబరు తేదీ, కింద సంతకం ఆర్లిటాది.