శుక్రవారం లోపు అందాల్సిన ఫొటో

కొరియర్ బండి కోటేష్ పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల ఏదో దొర్లింది. పెట్టెను తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

“ఇది ఎక్కించుకోనక్కా.”

“గాజు కాదు కోటేష్. ప్లాస్టిక్ అద్దమే వేశాం,” అంది నగ్మా.

“ఏదైనా సరే. చప్పుడొస్తే తీసుకోవద్దని కొత్త రూలు. హబ్బులో సరుకు దింపేటప్పుడు నన్ను పట్టుకుంటారు.”

విప్పి మళ్లీ కట్టేదాకా ఆగమని బతిమాలింది. తాను ఆగితే మిగతా షాపులవాళ్ల సరుకు ఆగిపోతుందని చెప్పి అతను బండెక్కాడు. అతని తప్పేమీ లేదని ఆమెకూ తెలుసు.

నగ్మా, ఆమె భర్త ఉస్మాన్ గుంటూరులో ఫొటోలు అచ్చువేసే షాపు నడుపుతున్నారు. ఆర్డర్లు యాప్‌లో వస్తాయి. వచ్చాకే అచ్చు వేసి ఫ్రేము కడతారు. మొన్నటిదాకా అందుకు మూడు రోజుల గడువుండేది. ఇప్పుడు మర్నాడు సాయంత్రానికల్లా పెట్టె కంపెనీ బండిలో ఉండాలి. లేకపోతే ఆర్డరు దానంతటదే రద్దయిపోతుంది. ఆ రూలు వచ్చినప్పటి నుంచి ఉస్మాన్ ఫ్రేములు ముందే కోసి పెట్టుకుంటున్నాడు. గాజు మానేశాడు. కంపెనీ చెప్పిన కొలతకే అట్టపెట్టెలు తెప్పిస్తున్నాడు. అయినా ఈ నెలలో రెండు ఆర్డర్లు జారిపోయాయి. మూడోది జారితే షాపు మూసేస్తామని హెచ్చరిక వచ్చింది. ఇంటిల్లిపాదీ బతికేది దాని మీదే.

పెట్టె విప్పి చూస్తే, ఫ్రేము వెనక తగిలించే కొక్కెం ఊడి ఉంది.

ముందువైపు చెంచయ్యగారు మిరపచేను గట్టు మీద నిలబడి నవ్వుతున్నారు. తలపాగా తీసేయొద్దని, ఆ నవ్వు అలాగే ఉంచమని, చుట్టూ దండ, కింద దీపం వేయమని ఆర్డరులో రాశారు. పేరు కింద పుట్టిన తేదీ ఇచ్చి, రెండో తేదీ చోటు ఖాళీగా వదిలేయమన్నారు. అడుగుదామని ఉస్మాన్ అంటే నగ్మానే వద్దంది. వాళ్లు తేదీ కంటే తిథి చూసుకుంటారు, పంతులుగారిని అడిగి తర్వాత రాయించుకుంటారు అని సర్దిచెప్పింది. దుఃఖంలో ఉన్నవాళ్లను ఒక తేదీ కోసం వేధించడం దేనికి?

“వాళ్ల చేతే రద్దు చేయిద్దాం,” అన్నాడు ఉస్మాన్. కొన్నవాళ్లే రద్దు చేసుకుంటే షాపు మీద మచ్చ పడదు.

ఆర్డరు పెదకాకానిలో వెంకటేశ్వరమ్మ అనే ఆవిడ పేరు మీద ఉంది. యాప్‌లోంచే ఫోన్ కలిపితే ఒక పెద్దాయన ఎత్తాడు. ఆవిడ అన్నగారై ఉంటాడనుకుంది నగ్మా. జరిగింది చెప్పి, రద్దు చేసుకుని మళ్లీ ఆర్డరు పెడితే రేపు పంపిస్తానంది.

“రేపు పంపితే ఎప్పటికి అందుతుందమ్మా?”

“శనివారానికండి.”

“శుక్రవారం నుంచి నేనుండను.” ఆయన మాట మధ్యలో ఆగిపోయింది. గట్టిగా ఊపిరి తీసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఏడుపు దిగమింగుకుంటున్నాడనుకుని ఆమె కాచుకుంది. “తర్వాత ఫొటో కోసం అది ఒక్కతీ తిరగలేదు. ఈ ఒక్క పనైనా నా చేతుల మీదుగా అయిపోవాలి.”

“చెంచయ్యగారు మీకేమవుతారండి?”

“మా ఇంటి పెద్ద, తల్లీ.” మీ షాపుకు మాట రానివ్వనులే, రద్దు చేస్తానన్నాడు.

నగ్మాకు వాళ్ల నాన్న గుర్తొచ్చాడు. ఆయన పోయేనాటికి ఇంట్లో ఉన్నది ఆధార్ కార్డు మీది ఫొటో ఒక్కటే. పెద్దది చేసినకొద్దీ చెదిరిపోయింది. ఊళ్లోవాళ్ల ముఖాలన్నీ అచ్చువేసిన చేతులు ఆ ఒక్క ముఖం దగ్గర ఓడిపోయాయి.

“రద్దు చేసుకోండి బాబాయిగారూ. ఈ పూటే నేను తెచ్చిస్తాను,” అంది.

ఫోన్ పెట్టగానే ఉస్మాన్ అడ్డుపడ్డాడు. యాప్‌లో వచ్చిన మనిషికి బయట సరుకు ఇస్తే షాపు మూయడమే కాదు, మళ్లీ తెరవనివ్వరు. “ఆయన మంచివాడే అయ్యుంటాడు. మంచివాడు కాబట్టే, మీ అమ్మాయి ఇంటికి తెచ్చిచ్చింది, చల్లగా ఉండాలి అని కంపెనీకే రాస్తాడు. ఆ దీవెనతో మనం రోడ్డు మీద పడతాం.”

“అయితే మీరే ఫోన్ చేసి కుదరదని చెప్పండి.”

ఉస్మాన్ ఫోన్ వంక చూశాడు. తర్వాత కొక్కెం తీసుకుని, ఫ్రేముకు బిగించడం మొదలుపెట్టాడు.

స్కూటీ ముందు మిర్చి టిక్కీ బస్తాల లారీ పోతోంది. ఘాటుకు కళ్లు మండాయి. ఫోన్ మోగితే పక్కకు ఆపి చూసింది. కొన్నవారు ఆర్డరు రద్దు చేసుకున్నారు. గుండె కుదుటపడేలోపే రెండో మెసేజ్: రద్దుకు కారణం పరిశీలిస్తున్నాం. వెనక్కి తిరిగిపోతే ఇప్పటికీ ఏ తప్పూ చేయనట్టే. ఫోన్ సంచిలో పడేసి ముందుకే పోయింది.

పెట్టె మీది ఇంటి నంబరు చూసుకుంటూ వెళ్లి ఆగింది. వాకిట్లో టెంటు లేదు, కుర్చీలు లేవు. కార్యక్రమాలన్నీ అయిపోయి ఉంటాయనుకుంది. ఏమని ఓదార్చాలో దారి పొడుగునా కూర్చుకున్న మాటలు, గుమ్మం దగ్గరకొచ్చేసరికి చాలా చిన్నవిగా తోచాయి. ఫ్రేమును పెట్టెలోంచి తీసి రెండు చేతులతో పట్టుకుని, మోచేత్తో తలుపు తట్టింది.

తలుపు తీసింది ఫొటోలోని మనిషే; ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, కాళ్ల దగ్గర ఆసుపత్రి కాగితాలతో సర్దిన సంచి.