రూబెన్ గారి భార్యకు ఒక చేప

చెరువు గట్టు మీద సోలార్ ప్లేట్లు బిగిస్తున్న మనిషి చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కుని, పోతురాజు నీళ్ళలోకి విసిరేశాడు.

"దిగండి. ఈ ప్లేట్లు నీళ్ళలో గాలి పీల్చేస్తాయి. చేప బతకదు."

"పీల్చవండీ."

"ముదినేపల్లి రూబెన్ సంగతి తెలీదా? ప్లేట్లు పెట్టిన వారానికే చెరువంతా తెల్లగా తేలింది. ఆ దిగులుతోనే పోయాడు పాపం. ఊరంతా ఫోన్లలో చూశాం."

"ఆ చెరువుకి ప్లేట్లే లేవండీ. కరెంటు పోయి, నీళ్ళు చిలికే ఏరేటర్లు ఆగిపోయాయి. ఆ మనిషీ పోలేదు."

"రూబెనే లేచొచ్చి చెప్పినా నమ్మం. కంపెనీ ఎవడికో వేషం కట్టి పంపిందనుకుంటాం."

ఆ మనిషి సంచీలో ఇంకో స్క్రూడ్రైవర్ కోసం వెతికాడు. లేదు.

చెరువు పోతురాజు తమ్ముడి భార్య సత్యవేణిది. కిందటి పంట పోయింది. ఇదీ పోతే చెరువు వదులుకోవాలి.

"బిగించండి," అంది అప్పుడే అక్కడికి వచ్చిన సత్యవేణి. "పోతే నా చేపలే పోతాయి బావగారూ."

ఇంట్లోంచి చాకు తెచ్చి ఇచ్చింది. దాని మొనతోనే ఆయన మిగతా మరలు బిగించి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

కార్తీకంలో గాలివానకు కైకలూరు వైపు కరెంటు స్తంభాలు ఒరిగాయి.

తెల్లవారేసరికి పోతురాజు చెరువులో చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. డీజిల్ ఇంజను ఎంత తిప్పినా కదల్లేదు.

పక్క చెరువులో సత్యవేణి ఏరేటర్లు తిరుగుతున్నాయి.

పోతురాజు గట్టు మీద నిలబడ్డాడు. తిరుగుతున్న వాటి వంకే చూశాడు.

"వైరు పట్టుకోండి బావగారూ. ప్లేట్ల బ్యాటరీలో ఇంకా కరెంటుంది."

వైరు గట్టు దాటింది. కాసేపటికి చేపలు కిందికి దిగాయి.

"గాలి పీల్చేస్తాయేమో, చూసుకోండి," అంది సత్యవేణి.

పోతురాజు మొహం తిప్పుకుని నవ్వాడు.

చేపల పట్టుబడి రోజున రెండు చెరువుల చేపా ఒకే లారీ ఎక్కింది. ఊళ్ళోవాళ్ళు ప్లేట్ల సంగతి పోతురాజునే అడిగారు. తానే తెప్పించినట్టు వివరంగా చెప్పాడు.

సత్యవేణి పెద్ద బొచ్చె చేప ఒకటి పక్కన పెట్టింది.

"ఇది రూబెన్ గారి భార్యకి. మనం గట్టెక్కాం. ఆవిడకి చెరువూ పోయె, మనిషీ పోయె."

"పద, నేనూ వస్తా. ఆ బిగించినాయనకీ ఒకటి ఇవ్వాల్సింది. పేరైనా అడగలేదు."

"మీరు అడగనిస్తేగా."

ముదినేపల్లిలో యేసమ్మ తలుపు తీసింది.

"మీ ఆయన పోయారని విన్నామమ్మా," అన్నాడు పోతురాజు, నేల చూస్తూ.

యేసమ్మ విసుగ్గా లోపలికి తిరిగింది.

"ఏవండీ, మళ్ళీ ఎవరో పరామర్శకి వచ్చారు. మీరే వచ్చి చెప్పుకోండి."

తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ రూబెన్ బయటికి వచ్చాడు. ఆనాడు పోతురాజు స్క్రూడ్రైవర్ లాక్కున్నది ఆ చేతుల్లోంచే.