సమాధి చుట్టూ కంచె

"లే! అది బల్ల కాదు, మా నాన్న సమాధి!"

రాతిపలక మీద అన్నం డబ్బా విప్పిన పార్కు ఊడ్చే మనిషి తలెత్తింది. అరిచింది ఒకప్పటి పెద్ద నాయకుడి కూతురు. మున్సిపాలిటీ సమాధి చుట్టూ పార్కు వేసి అందరికీ తెరిచింది. సమాధికి కంచె వేయించుకునే అనుమతి సంపాదించి, కూతురు ఇవాళ వెల్డరును వెంటబెట్టుకొచ్చింది.

"పార్కు జనానిదే కదమ్మా?"

"జనం! బతికున్నన్నాళ్లూ ఆయన్ని పీక్కుతిన్నది చాలలేదూ? కంచం ముందు కూర్చుంటే చాలు, అర్జీ పట్టుకుని ఎవడో ఒకడు గుమ్మంలో. నాన్న చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. ఒక్క పూట మాతో కడుపునిండా తిన్నాడా? చచ్చాకైనా మాకు వదలరా?"

వెల్డరు టేపు సాగదీశాడు. "గేటు ఎటు పెట్టమంటారమ్మా?"

ఊడ్చే మనిషి డబ్బా మూత వెయ్యబోయి ఆగింది. "ఇప్పుడాయన ఎక్కడికీ లేచిపోడు కదమ్మా. మరి మీరెప్పుడూ వచ్చి తినలేదే?"

ఇరవై ఏళ్లుగా కూతురు ఏటా ఒకసారి వచ్చి, పూలు పెట్టి, నిలబడే వెళ్లిపోయేది.

"గేటూ లేదు, గాడిద గుడ్డూ లేదు. నువ్వెళ్లు!" అని వెల్డరు మీద విరుచుకుపడింది. తర్వాత ఇటు తిరిగి, "జరుగు. పలకంతా నీదే అయినట్టు కూర్చున్నావు," అంది.

ఊడ్చే మనిషి జరిగి, మూతలో కొంత అన్నం పెట్టి ఇచ్చింది.

కూతురు కోపంగానే తిన్నది.