ఐదో బండి

"షటర్ ఇరవై సెకన్లు, ఐఎస్‌ఓ మూడు వేల రెండొందలు. కదలకు!" అంటూ మా ఆయన క్లెమ్ కొత్త కెమెరా మీట నొక్కాడు. ఎదురుగా మా పాత గాలిమర, పైన పాలపుంత.

పదో సెకనుకే ఓ బండి వచ్చి ఆగింది. హెడ్‌లైట్ల దెబ్బకి ఫోటో తెల్లకాగితమైంది.

"ఏరా క్లెమ్, బండి చెడిపోయిందా?" పక్క గొర్రెల ఫారం రస్ తల బయటికి పెట్టాడు.

"బండి బాగానే ఉందిరా బాబూ, నువ్వెళ్లు!"

ఈ రాత్రి ఇలా ఆగినవాళ్లలో రస్ నాలుగోవాడు. మా ఔట్‌బ్యాక్‌లో, మైళ్ల కొద్దీ మనిషి కనిపించని ఈ మారుమూల ఎడారి నేలలో, దారిపక్క ఆగిన బండిని పలకరించకుండా ఎవరూ పోరు.

"ఒక్కడైనా తన దారిన తాను పోడేం?" క్లెమ్ జుట్టు పీక్కున్నాడు.

దూరంగా మళ్లీ లైట్లు కనిపించాయి. "వచ్చాడమ్మా ఐదోవాడు!" అని చేతులు కట్టుకున్నాడు.

ఆ బండి ఆగలేదు. దుమ్ము రేపుకుంటూ దూసుకుపోయింది. మళ్లీ చిమ్మచీకటి.

"హమ్మయ్య, నొక్కు!" అన్నాను.

క్లెమ్ నొక్కలేదు. బండి పోయిన వైపే చూస్తున్నాడు.

"అది మన పొరుగు ఫారం డగ్గన్ బండి కదూ?"

"అయితే?"

అప్పటికే స్టాండుతో సహా కెమెరాని మా బండి వెనక పడేశాడు.

"మరి ఫోటో?"

"చుక్కలెక్కడికి పోతాయే! మనల్ని చూసి కూడా ఆగలేదంటే వాడికేదో అయింది. ఎక్కు, ఎక్కు!"